ఎండాకాలం బండి మీద ఊరికి పోయేటప్పుడు తాగే నీళ్ల సంగతి



పరీక్షలు అయిపోతున్నాయి. హాస్టళ్లు ఖాళీ చేయమంటారు. ఇంటికాడ తునికాకు మొదలై ఉంటది. కొన్ని వారాలే ఉండే పని అది. 50 ఆకులకు ఒక కట్ట. ఇంట్లో రెండు చేతులు ఎక్కువైతే రోజుకు అన్ని కట్టలు ఎక్కువ. అందుకే మనలో చాలామంది చివరి పేపర్ రాసిన మర్నాడే బయలుదేరుతాం. ఆడపిల్లలకు బస్సు ఫ్రీ, మగపిల్లలకు ఎండ ఫ్రీ అని మా హాస్టల్‌లో ఒక జోక్ ఉంది. బస్సు దిగినాక కూడా మా ఊళ్లకు ఇంకా దూరం ఉంటది, మోసుకుపోవాల్సిన పుస్తకాలు, బట్టలు, దుప్పట్లు ఉంటాయి. కాబట్టి బండే దిక్కు.

మేము నలుగురం, రెండు బండ్లు. హనుమకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు, సారపాక, భద్రాచలం, అక్కడి నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు. మొత్తం దాదాపు 250 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరినా, ఆగుతూ పోయేసరికి సగం దారి ఎండలోనే అవుతది. ఈ దారిలో మూడు ఎండాకాలాలు తిరిగినాక నీళ్ల గురించి మాకు తెలిసింది మీ అందరికీ ఉపయోగపడుతుందని రాస్తున్నాం. కొంచెం పెద్దగానే ఉంటది, ఓపికగా చదవండి.

నీళ్లు ఉన్నాయి, కానీ తాగలేదు

పోయిన ఏడాది మాతో పాటు ఇంటర్ అయిపోయిన ఒక తమ్ముడు వచ్చాడు. వెనక సీట్లో కూర్చున్నాడు. ఏటూరునాగారంలో ఆగినప్పుడు బాగానే ఉన్నాడు. మంగపేట దాటినాక మాటలు తగ్గాయి. మణుగూరు దగ్గర బొగ్గు లారీల వెనక దుమ్ములో పోతుంటే "ఎట్లున్నవ్ రా" అని అడిగితే సంబంధం లేని జవాబు చెప్పాడు. బండి ఆపేసరికి కాళ్లు నిలవలేదు. ఒళ్లు కాలిపోతుంది. చెట్టు కింద పడుకోబెట్టి, చొక్కా విప్పి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, అట్ట ముక్కతో విసిరాం. దారిన పోయే ఆటో ఆపి ఆసుపత్రికి తీసుకుపోయాం. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు, ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

ఆ రోజు వాడి బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు ఉన్నాయి. మూత కూడా సరిగ్గా తియ్యలేదు. ఎందుకు తాగలేదురా అని తర్వాత అడిగితే, "అన్నా, నోట్లో పోస్తే వేణ్ణీళ్లలా ఉన్నయి, మింగబుద్ధి కాలే" అన్నాడు.

అప్పటిదాకా చల్లటి నీళ్లంటే సోకు అనుకునేవాళ్లం. నీళ్లు నీళ్లే కదా, వేడైతే ఏంది, చల్లనైతే ఏంది అని. కానీ వేడి నీళ్లు మనిషి తాగడు. ఒక గుక్క తాగి మూత పెట్టేస్తాడు. చల్లగా ఉంటే అడగకుండానే అర సీసా తాగుతాడు. దారిలో నీళ్లు చల్లగా ఉంచుకోవడం ప్రాణం కాపాడుకునే పని. ఈ పోస్టులో మేము చెప్పాలనుకున్నది ఇదే.

బండి మీద నీళ్లు ఎందుకంత తొందరగా వేడెక్కుతాయి

మన వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. సీసాకు నాలుగు వైపుల నుంచి వేడి వస్తది. పైన ఎండ. చుట్టూ 44 డిగ్రీల గాలి, అది కూడా బండి స్పీడుకు విసురుగా తగులుతది. కింద తారు రోడ్డు సెగ. పక్కన ఇంజను, సైలెన్సర్. సైడ్ బ్యాగులో సైలెన్సర్ వైపు సీసా పెడితే పొయ్యి పక్కన పెట్టినట్టే. నల్ల బ్యాగు అయితే ఎండను ఇంకా ఎక్కువ లాగుతది. పలచటి ప్లాస్టిక్ సీసా వీటిలో దేన్నీ ఆపలేదు.

అడవి దారి కదా, నీడ ఉంటది అనుకోవద్దు. తాడ్వాయి అడవి వర్షాకాలంలో చూసినవాళ్లు అట్లా అనుకుంటారు. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చి మోడుగా నిలబడుతది. మైళ్లకు మైళ్లు కట్టెల నీడ తప్ప ఆకు నీడ ఉండదు.

తాత చెప్పిన మాట

ఆ తమ్ముడి సంగతి జరిగినాక ఊళ్లో మాలో ఒకరి తాత దగ్గర కూర్చున్నాం. ఆయన అంతా విని, కోయలో అన్న మాటను తెలుగులో చెప్తే ఇట్లా ఉంటది: "నీళ్లను సంచిలో మూసి పెడితే చల్లగా ఎట్లుంటయిరా? వాటికి తడి కావాలె, గాలి కావాలె."

తాత వాళ్ల కాలంలో అడవికి పోతే సొరకాయ బుర్రలో నీళ్లు. ముదిరిన సొరకాయను ఎండబెట్టి, లోపలి గుజ్జు, గింజలు తీసేసి, నీళ్లు పోసి నానబెట్టి, చేదు పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ నీళ్లు మార్చి, అప్పుడు వాడేవాళ్లు. దానికి తాడు అల్లి భుజానికి తగిలించుకుంటారు. మా ఇళ్లలో ఇప్పటికీ తునికాకుకు పోయేటప్పుడు అమ్మలు జావ గానీ నీళ్లు గానీ బుర్రలోనే తీసుకుపోతారు. బుర్ర గోడ ఎండిన బెండులా ఉంటది, బయటి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. దానికి తోడు పైన తడిగుడ్డ చుట్టి చెట్టు కొమ్మకు గాలి తగిలేట్టు వేలాడదీస్తారు. మధ్యాహ్నం ఆకు కోసి వచ్చినాక తాగితే గొంతు చల్లబడుతది.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఫిజిక్సు పుస్తకంలో లేటెంట్ హీట్ అనే పాఠం ఇంగ్లీషులో చదివి, మార్కుల కోసం బట్టీ కొట్టాం. తాత చెప్పింది అదే పాఠం అని ఆ రోజు అర్థమైంది. ఇంటికొచ్చి లెక్క వేశాం.

ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది పక్కనున్న దాని నుంచి లాక్కుంటది. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే 1000 కేలరీలు తీసెయ్యాలి. అంటే లీటరు నీళ్లు 40 డిగ్రీల నుంచి 30కి దిగాలంటే 10,000 కేలరీలు. 580తో భాగిస్తే 17 గ్రాములు. చిన్న చెంచాతో నాలుగు చెంచాల నీళ్లు కూడా కాదు! నిజానికి అంతకంటే చాలా ఎక్కువే పడుతది, ఎందుకంటే వేడి గాలి కూడా గుడ్డకు వేడిని ఇస్తూనే ఉంటది. అయినా ఒక గ్లాసు నీళ్లు గుడ్డ మీద పోసుకుంటూ పోతే లీటరు నీళ్లు తాగేట్టు ఉంటాయి. రంజన్ నీళ్లు చల్లగా ఉండేది కూడా ఇందుకే. మట్టి గోడలోంచి నీళ్లు ఊరి ఆవిరవుతుంటాయి. పాత మిలిటరీ సీసాలకు మందపాటి బట్ట తొడుగు ఉండేది, దాన్ని తడిపేవాళ్లు. రాజస్థాన్ వైపు చాగల్ అని కాన్వాసు నీళ్ల సంచి వాడతారు, అదీ ఇదే సూత్రం.

తడిగుడ్డ పద్ధతి బండికి ఎట్లా కట్టాలి

మేము చేసేది ఇది. స్టీలు సీసా తీసుకోండి, మామూలు ఒంటి గోడ సీసా. ప్లాస్టిక్ కంటే స్టీలు వేడిని తొందరగా దాటిస్తది కాబట్టి గుడ్డ చల్లదనం లోపలి నీళ్లకు తొందరగా అందుతది. పాత కాటన్ తువ్వాల గానీ గోనె పట్టా గానీ రెండు మూడు వరసలు చుట్టి, దారంతో గట్టిగా కట్టండి. నైలాన్ గుడ్డ నీళ్లు పట్టుకోదు, పనికిరాదు. పూర్తిగా తడిపి, గాలి తగిలే చోట కట్టండి. మేము హాండిల్‌కు దగ్గరగా, తిప్పడానికి అడ్డం రాకుండా, వైర్లకు తగలకుండా కడతాం. ఇంజను వైపు మాత్రం వద్దు. బ్యాగులో పెట్టి జిప్పు వేస్తే ఇది పని చెయ్యదు, ఆవిరి పోవడానికి దారి ఉండదు.

గుడ్డ ఆరిపోతే ఆట అయిపోయినట్టే. మా దారిలో అరగంటకు ఒకసారి తడపాల్సి వస్తది. దానికోసం వేరే పాత ప్లాస్టిక్ సీసాలో బోరు నీళ్లు పెట్టుకుంటాం. తాగే నీళ్లు గుడ్డకు వేస్ట్ చెయ్యం.

దీనికి ఒక హద్దు ఉంది. గాలి పొడిగా ఉంటేనే పని చేస్తది. 44 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ దాదాపు 25 డిగ్రీల దాకా దిగగలదు. అదే సముద్రం పక్కన 36 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే 31 కంటే కిందికి దిగదు. కాబట్టి ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దారుల్లో తిరిగేవాళ్లకు ఇది బాగా పనికొస్తది. విశాఖ, కాకినాడ వైపు చదివే మన పిల్లలకు అంతగా కాదు. వాళ్లు ఐసు, ఫ్లాస్కు చూసుకోవాలి.

ఐసు లెక్క

ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు తీసుకుంటది. 300 గ్రాముల ఐసు కరిగేలోపు 24,000 కేలరీలు మింగుతది. అంటే లీటరు నీళ్లను 24 డిగ్రీలు వేడెక్కించే వేడిని అది ఆపేస్తది. కరిగినాక కూడా ఆ నీళ్లు చల్లగానే ఉంటాయి.

మా హాస్టల్‌లో ఫ్రిజ్ లేదు. దగ్గర్లోని కిరాణా షాపు అన్నను అడిగితే రాత్రి తన డీప్ ఫ్రిజ్‌లో మా సీసాలు పెట్టనిచ్చాడు. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, పక్కకు వాల్చి గడ్డకట్టించాలి. పొద్దున మిగతా ఖాళీలో చల్లటి నీళ్లు నింపితే ఐసు చుట్టూ నీళ్లు చేరుతాయి, తాగడానికి వెంటనే నీళ్లు ఉంటాయి. నిండా పోసి గడ్డకట్టిస్తే రెండు ఇబ్బందులు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతది, సీసా పగులుతది. రెండోది, రోడ్డు మీద దాహమైనప్పుడు సీసా నిండా గడ్డే ఉంటది, తాగడానికి చుక్క ఉండదు.

ఐసు ఉన్న సీసాకు తడిగుడ్డ కట్టొద్దు. గుడ్డ 25 డిగ్రీల్లో ఉంటే లోపల సున్నా ఉంటది, గుడ్డే దాన్ని వేడి చేస్తది. దీనికి పొడి దుప్పటి కావాలి. న్యూస్ పేపర్ నాలుగైదు వరసలు, దాని మీద పాత స్వెటర్ గానీ దుప్పటి ముక్క గానీ చుట్టి, బట్టల బ్యాగు నడిమధ్యలో పెట్టండి. పూర్వం ఐసు అమ్మేవాళ్లు గడ్డలను ఊకలో, రంపపు పొట్టులో దాచేది ఇందుకే. తడిగుడ్డ సీసా గాలిలో ఉండాలి, ఐసు సీసా మూటలో ఉండాలి. ఇది కలగాపులగం చేస్తే రెండూ పోతాయి.

ఇంకో మాట. చేపల పెట్టెల కోసం అమ్మే గడ్డ ఐసును నీళ్లలో వేసుకోవద్దు. అది తాగే నీళ్లతో చేసింది కాదు. చల్లదనం కోసం పోయి విరేచనాలు తెచ్చుకుంటే ఒంట్లో నీళ్లు ఇంకా పోతాయి.

ఫ్లాస్కు కొనాలా

రెండు గోడల స్టీలు ఫ్లాస్కులో గోడల మధ్య గాలి తీసేసి ఉంటది. గాలి లేకపోతే వేడి దాటడానికి దారి చాలా తగ్గుతది. జేమ్స్ డ్యువార్ అనే శాస్త్రవేత్త 1892లో ల్యాబు పని కోసం ఇట్లాంటి పాత్ర చేశాడు, ఇప్పుడు మన చేతుల్లోకి వచ్చింది. రాత్రి చల్లటి నీళ్లు, కొంచెం ఐసు వేసి పెడితే మర్నాడు సాయంత్రం కూడా చల్లగా ఉంటాయి. కానీ మనకు దాని ధర ఎక్కువే. మేము నలుగురం డబ్బులు కలిపి ఒకటి కొన్నాం, ఊరికి పోయేటప్పుడు బయటికి తీస్తాం. కొనేముందు "వాక్యూమ్" అని రాసి ఉందో లేదో చూడండి, మామూలు స్టీలు సీసాలు కూడా అట్లాగే మెరుస్తాయి. వాడుతుంటే ఐసు నీళ్లు పోసినప్పుడు బయట చెమట పడితే గోడల మధ్య గాలి చేరిందని అర్థం, ఇక అది మామూలు సీసానే. దీనికి తడిగుడ్డ చుట్టినా లాభం లేదు, బయటి చల్లదనం లోపలికి పోదు కదా.

మాకు కుదిరిన లెక్క ఇది: మనిషికి ఒక తడిగుడ్డ సీసా, బండికి ఒక ఐసు సీసా, నలుగురికీ కలిపి ఒక ఫ్లాస్కు. ముందు ఐసు సీసా, ఆ తర్వాత దారి పొడుగునా తడిగుడ్డ సీసా. ఫ్లాస్కు మాత్రం మణుగూరు దాటినాక, ఎండ నెత్తి మీదున్నప్పుడు.

మన ఒళ్లు కూడా అట్లాంటిదే

బండి నడుస్తుంటే గాలి తగులుతుంది కదా, చల్లగానే ఉంది అనిపిస్తది. మోసపోవద్దు. మన చర్మం దాదాపు 35 డిగ్రీలు ఉంటది, తగిలే గాలి 44. ఆ గాలి మనల్ని వేడి చేస్తుంది. మనల్ని చల్లబరుస్తున్నది చెమట ఒక్కటే. తడిగుడ్డ సీసాను చల్లబరిచినట్టే చెమట ఒంటిని చల్లబరుస్తది, గ్రాముకు అవే 580 కేలరీలు. గాలికి చెమట వెంటనే ఆరిపోతది కాబట్టి ఎంత పోయిందో మనకు తెలియదు. ఎండలో కష్టపడే మనిషికి గంటకు లీటరు దాకా పోవచ్చు. గుడ్డకు నీళ్లు పోసినట్టే లోపలికి నీళ్లు పోస్తూ ఉండాలి. లేకపోతే గుడ్డ ఆరిపోయినట్టు మనిషి ఆరిపోతాడు. ఆ తమ్ముడికి జరిగింది అదే.

అందుకే మేము ఒక రూల్ పెట్టుకున్నాం. దాహం అయినా కాకపోయినా అరగంటకోసారి ఆగుడు. గుడ్డలు తడుపుడు, మనం తాగుడు, రెండూ ఒకేసారి. వెనక కూర్చున్నోడు కూడా దిగి తాగాలి. మధ్యలో ఒక లీటరు ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినంత నీళ్లే కలపాలి, తక్కువ కలపొద్దు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు కోపు లేకుండా సమంగా. ఉప్పేసిన జావ, మజ్జిగ కూడా మంచివే. పొడుగు చేతుల వదులు కాటన్ చొక్కా, మెడకు తడి తువ్వాల. హెల్మెట్ ఎండ అని తియ్యొద్దు.

తల తిరుగుడు, వాంతి వచ్చినట్టుండుడు, పిక్కలు పట్టేయుడు మొదలైతే అక్కడే ఆపండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చెయ్యండి. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. తెలివి సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నీళ్లు అడిగే చోటు

సీసా ఎంత బాగా కట్టినా 250 కిలోమీటర్లకు సరిపడా నీళ్లు మోయలేం. దారిలో నింపుకోవాల్సిందే. ఒక చోట హోటల్లో ఖాళీ సీసా పట్టుకుని అడిగితే, మమ్మల్ని, మా మూటల్ని పైకీ కిందికీ చూసి, "ఏమన్నా తింటే నీళ్లు, లేకపోతే బాటిల్ కొనుక్కోండి" అన్నాడు. కూలర్ వాడి పక్కనే ఉంది. మేము ఏం అనలేదు, ముందుకు పోయాం. మనలో చాలామందికి ఇది అలవాటే. ఆ అలవాటు వల్లే కొత్తగా వచ్చిన పిల్లలు అడగడానికి సిగ్గుపడి, దాహంతోనే పోతారు. తమ్ముళ్లూ, నీళ్లు అడగడానికి సిగ్గు పడొద్దు. ఒకడు లేదంటే పక్కవాడిని అడగండి. బస్టాండు, పెట్రోల్ బంకు, బడి, గుడి, చలివేంద్రం ఎక్కడ దొరికితే అక్కడ నింపుకోండి.

మన ఊళ్లలో ఎవరు గడప దగ్గరికి వచ్చినా ముందు చెంబుతో నీళ్లిచ్చి, తర్వాతే ఏ ఊరు అని అడుగుతారు. ఆ పద్ధతి రోడ్డు మీదికి తెద్దామని ఈసారి అనుకున్నాం. మా ఊరి అడ్డరోడ్డు దగ్గర వేపచెట్టు కింద ఇసుక పోసి రెండు రంజన్లు పెడుతున్నాం. మూతలు, పొడుగు కాడ గరిటె, గ్లాసులు కొన్నాం. పొద్దున, మధ్యాహ్నం నింపడానికి ఊళ్లో పిల్లలు వంతులు వేసుకున్నారు. పక్కన ఒక బకెట్లో బోరు నీళ్లు కూడా ఉంటాయి, సీసా గుడ్డలు తడుపుకోవడానికి.

ఆ దారిన వస్తే ఆగండి. ఎవరని ఎవరూ అడగరు. తాగి, నింపుకుని, గుడ్డ తడుపుకుని పోండి. మీ ఊరి అడ్డరోడ్డు దగ్గర కూడా ఒకటి పెట్టగలరేమో ఇంట్లో మాట్లాడి చూడండి. రెండు కుండలు, ఒక చెట్టు, వంతు తప్పని నలుగురు పిల్లలు ఉంటే చాలు.

అందరూ క్షేమంగా ఇళ్లకు చేరండి. జోహార్.